మిథ్యాభియోగము

ఉపాధ్యాయుడు శిష్యుని క్షమాపణ కోరుట నేను చదువుకొన్న బడులలో కనలేదు, వినలేదు. గడచిన ఆగస్టు నెలలో తొమ్మిదవ తరగతి బాలుని యెదుట, తరగతి యంతయు వినుచుండగా, నేనా పని చేయవలసి వచ్చినది. ఆ బాలుని పద్యములో లేని తప్పును ఉన్నదని ఎఱ్ఱసిరాతో వ్రాసితిని. నాచేత అట్లు వ్రాయించినది ఒక ప్రోగ్రాము. ఆ ప్రోగ్రాములోని లోపమును కప్పిపుచ్చినది ఒక వ్యాఖ్య. ఆ వ్యాఖ్యను చెఱచినది, వ్యాఖ్యలు చెడకుండ కాపాడుటకై పుట్టిన మఱియొక ప్రోగ్రాము. ఈ గొలుసును ఇట్లు తుదినుండి మొదటికి చెప్పిన చిక్కుగా నుండును గావున మొదటినుండియే చెప్పెదను.

ఆగస్టు 29వ తేది గిడుగు రామమూర్తిపంతులుగారి జయంతి. ఆనాడు తెలుగు భాషాదినోత్సవమని మా పాఠశాలలోను ఉత్సవము జరుపుదుము. పిల్లలచేత పద్యములు వ్రాయింతుము. పద్యము వ్రాసిన ప్రతి పిల్లవాడును గణములు సరిపోయినవో లేదో చూచి పెట్టుడని నా యొద్దకు వచ్చును. నలువదిమంది వ్రాసినచో నూట అరువది పాదములు. కన్నులు కాయలు కాచును. కావున వేసవి సెలవులలో, పాదము నిచ్చినచో గురులఘువులను గుర్తించి గణవిభాగము చేసి చూపు ప్రోగ్రాము నొకదానిని పైథాను భాషలో వ్రాయ సంకల్పించితిని. నాకు వచ్చినది సంస్కృతమును ఇంగ్లీషును. ప్రోగ్రాములు వ్రాయుట యీ నాలుగైదేండ్లలో పిల్లలతో పాటు నేర్చుకొన్నదే. పదవ తరగతికి వచ్చిన ఒక బాలిక నాకు సాయము చేసెను. నిజము చెప్పవలెనన్న సాయము చేసినది నేను, వ్రాసినది ఆమె.

ప్రోగ్రామునందు రెండు విధములైన వ్రాత యుండును. ఒకటి యంత్రము చదివి ఆచరించునది. రెండవది యంత్రము చదువక దాటిపోవునది, ఇదియే వ్యాఖ్య. ప్రతి చిన్న విభాగమునకును తలపై, ఇది యేమి చేయును, దేనిని పుచ్చుకొని దేనిని ఇచ్చును, ఎచ్చట జాగ్రత్త వహింపవలయును అని వ్రాసి యుంచుట మంచి వ్రాయసకాండ్ర మర్యాద. సూత్రమునకు వృత్తి యెట్టిదో ప్రోగ్రామునకు ఈ వివరణవ్యాఖ్య అట్టిది. యంత్రమునకు దీనితో పని లేదు. రేపు ఎవడో ఆ ప్రోగ్రామును తెఱచి, దీనిని నమ్మవచ్చునా యని తడుముకొనునప్పుడు, వానికి దిక్కు ఇదియే.

ఆ బాలిక తన వ్యాఖ్యలను తెలుగుననే వ్రాసెను. పైథాను భాషకు శైలిమర్యాదలను చెప్పు పత్రమొకటి కలదు. నీ భాష రానివారెవ్వరును నీ ప్రోగ్రామును చదువబోరని నూటికి నూటయిరువది పాళ్లు నిశ్చయమున్ననే తప్ప వ్యాఖ్యలను ఇంగ్లీషుననే వ్రాయుమని అది కోరును. ఉత్పలమాలకు గణవిభాగము చేయు ప్రోగ్రామును తెలుగురానివాడు తెఱచి చూడడని నాకు నూటయిరువది కాదు, నూటయేబది పాళ్లు నిశ్చయమే.

ఇక అసలు చిక్కునకు వచ్చెదను. సంయుక్తాక్షరమునకు ముందున్న అక్షరము గురువగునని మనము చిన్ననాటనే వల్లించితిమి. కాని అది పదము నడుమ మాట. ఒక పదము హ్రస్వముతో ముగిసి, తరువాతి పదము సంయుక్తాక్షరముతో మొదలైనచో నేమి? ‘రాజప్రసాదము’ అను సంస్కృత సమాసములో ‘జ’ గురువగును. ‘ఊరి ప్రజ’ అన్నచో ‘రి’ లఘువుగనే నిలుచును. అచ్చట నాలుక ఊనదు. ఈ భేదమును యంత్రమునకు నేర్పవలెనన్న, ఏది సంస్కృత సమాసమో ఏది కాదో దానికి తెలియవలెను. అది కష్టమైన పని. బాలికకు అప్పటికి ఈ నియమము సరిగా రాదు. ముందరి అక్షరమును అన్నిచోట్లను గురువుగనే లెక్కించునట్లు వ్రాసి, మనసు ఒప్పక, ఆ విభాగము తలపై వ్యాఖ్యగా ఒక ప్రశ్న వ్రాసెను. తరువాతి పదము సంయుక్తాక్షరముతో మొదలైనచో ముందరి పదము తుది యక్షరము గురువగునా, అని. చివర ప్రశ్నార్థక చిహ్నము. నన్ను అడిగి తెలిసికొనవలెనని ఆమె తలంపు. నేనా వారము ఊరలేను.

హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న నా పూర్వశిష్యుడొకడు మా ప్రయత్నమును విని సంతోషించి, “మాస్టారూ, లింటరు పెట్టుకోండి. చిన్నచిన్న తప్పులన్నీ అదే చెబుతుంది” అని దానిని మా యంత్రములో అమర్చిపెట్టెను. లింటరనగా ప్రోగ్రామును నడుపకయే చదివి దోషములను ఎన్ని చూపు మఱియొక ప్రోగ్రాము. 1970ల దశాబ్దములో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ అను నాతడు సి భాషలో వ్రాసిన ప్రోగ్రాములను పరీక్షించుటకై ‘లింట్’ అనుదానిని చేసెను. లింట్ అనగా బట్టలకు అంటుకొను నూలుపోగు, దూది నలుసు. అట్టి నలుసులను ఏరివేయునది కనుక ఆ పేరు. 1978 నాటి దాని వివరణపత్రమును చూచినచో ఒక వింత కనబడును. లింటరు పొరబడు తావులు కలవని అప్పుడే తెలియును. కనుక ఈ చోటికి నడక ఎన్నడును రాదు, ఈ విలువను వాడకపోవుట బుద్ధిపూర్వకమే, అని దానికి చెప్పి ఊరుకోబెట్టుటకు కొన్ని గుర్తుమాటలు ఏర్పఱచిరి. ఆ గుర్తుమాటలను వ్రాయవలసిన చోటు వ్యాఖ్యయే! మనుష్యుని కొఱకు పుట్టిన వ్యాఖ్య పరీక్షకుని బుజ్జగించుటకు కూడ వినియోగపడుట నాటినుండియే మొదలైనది.

మా ప్రోగ్రాము మీదికి లింటరును వదలినంతనే తెరనిండ అభియోగములు వచ్చి పడినవి. అందు కొన్ని న్యాయమైనవి. ఒక విభాగమునకు నేను క్రొత్తగా ఒక విలువను చేర్చి వ్యాఖ్యలో దాని మాట మఱచితిని, అది పట్టుకొన్నది. నేను సిగ్గుపడి దిద్దుకొంటిని. ఈ మేలు దానికి దక్కవలసినదే. తక్కినవానిలో పెక్కు, లేని తప్పులు. ఇంగ్లీషువారు ‘ఫాల్స్ పాజిటివ్’ అందురు. నేను మిథ్యాభియోగ మనుచున్నాను.

ఒకటి చెప్పెదను. గణముల పట్టికకు పైన, చదువువారికి తెలియవలెనని, హాష్ గుర్తు పెట్టి ‘భగణము = గురువు, లఘువు, లఘువు’ అని ఆ బాలిక వ్యాఖ్య వ్రాసినది. లింటరు దీనిని చూచి, ఇది వ్యాఖ్య కాదు, ఎవరో పనికిరాదని మూసివేసిన ప్రోగ్రాము ముక్క, తీసివేయవలయును, అనెను! తరచి చూడగా దాని వాదము నాకు నవ్వును తెప్పించినది, కొంత గౌరవమును కలిగించినది. 2008లో వెలువడిన పైథాను మూడవ సంస్కరణము నుండి విలువలకు తెలుగున పేర్లు పెట్టవచ్చును. కావున భగణమను పేరునకు గురువు, లఘువు, లఘువు అను మూడు విలువలను కట్టుట వ్యాకరణరీత్యా పరిశుద్ధమైన పైథాను వాక్యమే. ఛందశ్శాస్త్రములోని లక్షణవాక్యము పైథాను వాక్యముగ కూడ చెల్లుట దాని నేరమైనది.

మఱియొకటి. పంక్తి డెబ్బదితొమ్మిది గుర్తులను మించరాదని నియమము. మా పంక్తి నలువది యక్షరములైనను లేనిది ఎనుబది దాటినదని అభియోగము. నేను వ్రేళ్లు మడిచి లెక్కించితిని. ‘స్త్రీ’ అనునది మనకు ఒక్క అక్షరము. యంత్రమున కది సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము అని ఆఱు. ‘ఉత్పలమాల’ మనకు అయిదు, దానికి ఎనిమిది. అక్షరమనగా నేమో తెలియనిది అక్షరములను లెక్కించి తీర్పు చెప్పుచున్నది. తెలుగున వ్యాఖ్య వ్రాసిన పాపమునకు మా పంక్తులు తెరమీద సగమైనను నిండకయే పొడుగైపోయినవి.

ఇట్టివి మనకు మాత్రమే తటస్థించునని తలపరాదు. వ్యాఖ్యయందలి మొదటి మాట పెద్దయక్షరముతో మొదలు కావలెనను నియమ మొకటి కలదు. రసాయనశాస్త్రములో ఆమ్లక్షారములను కొలుచు పీహెచ్ అను కొలత నెఱుగుదురు గదా. దానిని చిన్న ‘పి’తో పెద్ద ‘హెచ్’తో వ్రాయుట లోకమంతట వాడుక. వ్యాఖ్యను ఆ మాటతో ఆరంభించినచో ‘పి’ని పెద్దది చేయుమని లింటరు పట్టుపట్టును. కోడ్‌స్పెల్ అను వర్ణక్రమ పరీక్షకము మఱియు విచిత్రమైనది. ప్రపంచ భాషలకిచ్చిన రెండక్షరముల గుర్తులలో తెలుగునకు వచ్చినవి ఇంగ్లీషు ‘టి’, ‘ఇ’. ఈ రెంటిని జంటగా చూచినచో అది ‘ది’ మొదలైన ఇంగ్లీషు మాటలకు తప్పువ్రాత యని చెప్పును. మన భాష పేరే అచ్చుతప్పు!

2001 నాటి పైథాను మర్యాదపత్రమొకటి, వ్యాఖ్య తొలిపంక్తి విధిరూపమున నుండవలెననును: ‘ఇచ్చును’ అని కాక ‘ఇమ్ము’ అని. మీమాంస చదివినవారు ఈ విధిప్రియత్వమునకు సంతోషింతురేమో. దీనిని పరీక్షించుటకు పైడాక్‌స్టైల్ అను పరీక్షకము చేయునది తొలిమాటను తీసి, ధాతువును ఊహించి, పట్టికలోని విధిరూపముతో పోల్చుట. పని చేయు విభాగమునకు ఇది చెల్లును. ఒక గుణమును మాత్రము తెలుపు విభాగమునకు, ‘పాదములోని అక్షరముల సంఖ్య’ అని నామవాచకముతో వ్యాఖ్య వ్రాయుటయే సహజము. ఆజ్ఞ యెవరికి, ఎందులకు? అట్టివానిని విడిచిపెట్టవలెనని దాని కర్తలే తరువాత అపవాదమును చేర్చిరి. ఆ పరీక్షకమును 2023లో విరమించిరి. దాని నియమములు ‘రఫ్’ అను వేగవంతమైన వేఱొక పరీక్షకములో నేటికిని నడచుచున్నవి. ఇక తెలుగు వ్యాఖ్యలయెడ ఈ నియమము మౌనము వహించును. మన క్రియ వాక్యము తుదనుండును. అది చూచునది మొదటి మాటను.

రస్ట్ అను భాషకు క్లిప్పీ యని పరీక్షకుడు కలడు. నడుమ పెద్దయక్షరము వచ్చు మాట వ్యాఖ్యలో కనబడినచో అది ప్రోగ్రాములోని పేరే కావలెనని అనుమానించి, దానికి గుర్తులు పెట్టుమని అడుగును. లోకములో అట్టి పేర్లు గల నిజమైన వస్తువులు లేవా? జావాస్క్రిప్ట్ లేదా, అచ్చుపని చేయు లాటెక్ లేదా? కావున మినహాయింపుల పట్టిక నొకదానిని కట్టిరి. అది పెరుగుచునే యున్నది. ఎవరి పేర్లు వారు చేర్చుకొనుటకు కూడ వీలు కల్పించిరి. పాణినీయమునకు గణపాఠము కలదు గదా, అందు ఆకృతిగణములని కొన్ని ఇంతతో ముగియవు, ప్రయోగమును చూచి చేర్చుకొనుడని వదలిన జాబితాలు. రెండువేల యేండ్లకు పైబడిన ఆ యుపాయమే నేటి క్లిప్పీకి కూడ శరణ్యమైనది.

ప్రోగ్రాము వాక్యమును లింటరు తప్పుపట్టినప్పుడు దానికి ఆధారముండును. ఒక పేరును ఏర్పఱచి ఎచ్చటను వాడలేదన్న అది చాలవఱకు రుజువు కాదగిన మాట, ఏలయన ఆ భాష అర్థమంతయు యంత్రమునకు తెలిసినదే. వ్యాఖ్య మనుష్యభాష. దాని యర్థము లింటరునకు అందదు. చేతికి చిక్కునది ఆకారము మాత్రమే. చుక్క యున్నదా, పెద్దయక్షరమున్నదా, పంక్తి యెంత పొడుగు, మాట పట్టికలో నున్నదా. అందుచేతనే వ్యాఖ్యలయందు మిథ్యాభియోగములు మెండు. గోలింట్ అను పరీక్షకమును చేసినవారు, ఇది పొరబడును, దీని మాటను ప్రమాణముగా కొనకుడు, అని దాని ముందుమాటలోనే చెప్పుకొనిరి. దానిని ఇప్పుడు విరమించిరి గాని ఆ నిజాయితీ నాకు నచ్చినది. ముందుమాట నెవరు చదువుదురు? ఎఱ్ఱగీతను అందఱును చూతురు.

యాజ్ఞవల్క్యస్మృతిలో వ్యవహారాధ్యాయమున మిథ్యాభియోగము చేసినవానికి, తాను ఆరోపించిన ధనమునకు రెట్టింపు దండుగ విధింపబడినది. లింటరునకు దండుగ లేదు. దాని తప్పునకు చెల్లించువాడు అభియుక్తుడే. వానికి మూడు దారులు. ఈ పంక్తి నిర్దోషి యని ఒక గుర్తుమాటను ప్రక్కన వ్రాసి లింటరును ఊరుకోబెట్టవచ్చును. అప్పుడు వ్యాఖ్యకు వ్యాఖ్య పుట్టును. ఆ నియమమునే తీసివేయవచ్చును. అందులకు అధికారమును ధైర్యమును కావలెను. మూడవది మిక్కిలి సులభము, మిక్కిలి రహస్యము: తన మాటను లింటరునకు నచ్చునట్లు మార్చుకొనుట. పదిమందిలో తొమ్మండుగురు, అందును చిన్నవారు, క్రొత్తవారు, పరాయిభాషలో దోషారోపణను చదువుకొనువారు, మూడవ దారినే పోవుదురు. నేనైనను పోవుదును.

నేను ఊరనుండి వచ్చునప్పటికి తెర శుభ్రముగా నుండెను. ఒక్క అభియోగమైనను లేదు. బాలిక ముఖము వెలిగిపోవుచుండెను. నేను మెచ్చుకొంటిని. ఆమె యేమేమి మార్చినదో చూడలేదు.

ఆగస్టులో పద్యములు రాసాగినవి. తొమ్మిదవ తరగతి బాలుడొకడు, ఎప్పుడును వెనుక బల్లపై కూర్చుండువాడు, తన ఊరి చెఱువును గుఱించి అయిదు ఉత్పలమాలలు వ్రాయుదునని చెప్పి మొదటిది తెచ్చెను. మూడవ పాదము ‘ఊరి ప్రజాళికెల్ల’ అని మొదలగుచున్నది. ప్రోగ్రామునకు ఇచ్చితిని. మొదటి గణము భగణము కావలసియుండగా తగణమున్నదని చెప్పెను. నేను ఎఱ్ఱసిరాతో ‘గణభంగము’ అని వ్రాసి నోటుపుస్తకమును తిరిగి యిచ్చితిని. బాలుడు కొంతసేపు నిలువబడి, “పాడితే కుదురుతోంది కదండీ” అనెను. “లెక్క కుదరలేదురా” అంటిని. వాడు పుస్తకము మూసికొని వెళ్లెను.

రాత్రి భోజనమైన పిమ్మట ఆ పాదము నా నాలుకమీదికి తనంతట వచ్చినది. ‘ఊరిప్ర’, గురువు, లఘువు, లఘువు. ‘జాళికె’, గురువు, లఘువు, గురువు. భగణము, రగణము. ఉత్పలమాల నడక నాకు నలువది యేండ్ల వయసున కాదు, పదియేండ్ల వయసుననే చెవికెక్కినది. అందు ఎచ్చటను తొట్రుపాటు లేదు. లేచి ప్రోగ్రామును తెఱచితిని. ఆ విభాగము తలపై వ్యాఖ్య యిట్లున్నది: తరువాతి పదము సంయుక్తాక్షరముతో మొదలైనచో ముందరి పదము తుది యక్షరము గురువగును. చివర చుక్క. సూత్రకారుని వాక్యము వలె నిబ్బరముగా నున్నది. పగటివేళ నేను దీనిని చూచియుండినను, ఎవరో ఆలోచించి నిర్ణయించినదే యని నమ్మియుందును.

ప్రోగ్రాములను దాచు పద్ధతిలో ఒక సద్గుణము కలదు. ప్రతి మార్పును, మార్చిన దినమును, మార్చుటకు చెప్పిన కారణమును అది భద్రపఱచును. వెనుకకు తిప్పి చూచితిని. ఒకచో పాత పంక్తి ఎఱ్ఱగాను, క్రొత్త పంక్తి పచ్చగాను, ఒకదాని క్రింద ఒకటి నిలిచియున్నవి. పైదానిలో ‘గురువగునా?’ అనియు, క్రిందిదానిలో ‘గురువగును.’ అనియు. ప్రక్కన బాలిక వ్రాసిన కారణము: ‘లింటరు తప్పులు దిద్దితిని.’

మఱునాడు ఆమెను పిలిచి అడిగితిని. కసరలేదు, కసరుటకు నాకు ముఖమెక్కడిది?

“మొదటి పంక్తి చుక్కతో ముగియాలని అంది మాస్టారూ. ప్రశ్న గుర్తు తీసి చుక్క పెట్టాను. అప్పుడు ‘గురువగునా’ తరువాత చుక్క తెలుగులో తప్పు కదండీ. మీరే చెప్పారు. అందుకని ‘గురువగును’ అని మార్చాను.”

“నీకు సందేహము తీరినదా మరి?”

“లేదండీ. మిమ్మల్ని అడుగుదామనుకున్నాను. తెర శుభ్రమయ్యాక మరిచిపోయాను.”

చూచితిరా! ఆ పిల్ల భాషను ప్రేమించినది కనుకనే అబద్ధము వ్రాసినది. ‘గురువగునా’ అని వ్రాసి చుక్క పెట్టి ఊరకున్నచో, ఆ యెబ్బెట్టుతనమును చూచి నాకైనను అనుమానము కలిగెడిది. లింటరు అడిగినది ఒక చుక్క. ఆ చుక్కను మర్యాదగా కూర్చోబెట్టుటకు ఆమె సందేహమును సిద్ధాంతముగా మార్చవలసి వచ్చినది. వ్యాఖ్య నిజము పలికినంతకాలము లింటరు నేరము మోపినది; అబద్ధమాడిన దినమున ఊరకున్నది. ప్రశ్నయు ఆశ్చర్యార్థకమును కూడ తొలిపంక్తికి తుదియుండవచ్చునని ఒప్పుకొను మఱియొక నియమము అదే పరీక్షకములో, ఈ నియమమునకు కొంచెము దూరముననే యున్నదని తరువాత తెలిసినది. రెంటిలో నేది కావలెనో ఎంచుకొనుట మా పని. మాకు తెలియదు, అమర్చి యిచ్చిన నా శిష్యునికి, పాపము, వ్యాఖ్యలలో ప్రశ్నలు వ్రాయువారుందురని తోచలేదు.

ఇంతదనుక లింటరును నిందించితిని. దానికంటె ముందు పుట్టిన లింటరు నొకదానిని నేను ఇరువదియేండ్లుగా చేత పట్టుకొని తిరుగుచున్నాను. 1858లో బాలవ్యాకరణము వెలువడిన పిమ్మట, దాని సూత్రములకు పట్టువడనిదెల్ల తప్పని పిల్లల వ్యాసములను కొట్టివేసిన ఉపాధ్యాయుల తరములు కొన్ని గడచినవి. రామమూర్తిపంతులుగారు ఆ కొట్టివేతల నెదిరించుచు, గ్రాంథికవాదుల గ్రంథములనుండియే వారి సూత్రములకు విరుద్ధమైన ప్రయోగములను ఎత్తి చూపిరి. ఈ మాటలను నేను గ్రాంథికముననే వ్రాయుచున్నానని చదువరులు నవ్వుకొనవచ్చును, అలవాటు. కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి పోయి చేయించుకొనును గాని, మాటలు కావలసినవాడు వైయాకరణుని యింటికి పోయి మాటలు చేసి పెట్టుమనడని మహాభాష్యకారుడు చెప్పెను. బి.ఏ.లో ఆ ఘట్టమును కంఠస్థము చేసి మార్కులు తెచ్చుకొన్నవాడనే. అయినను బాలుడు, పాడితే కుదురుతోందన్నప్పుడు, చెవినుండి పుట్టిన ఆ సాక్ష్యమును కాదని పట్టికను నమ్మితిని. వాని ‘పాడితే’ అను మాటకు నేను ఒక్క క్షణము చెవి యొగ్గినను చాలియుండెడిది.

ఎన్ని పుస్తకములలో ఎన్నిచోట్ల ఇట్లు వ్రాసితినో! యంత్రమునకు వెనుకకు తిప్పి చూచు సదుపాయము కలదు. పిల్లల నోటుపుస్తకములు ఏడాది తిరుగగానే తూకమునకు పోవును.

మఱునాడు తొమ్మిదవ తరగతిలో, గణభంగము నాదే గాని పద్యమునందు లేదని చెప్పి, బాలుని పుస్తకము తెప్పించి నా యెఱ్ఱవ్రాతను నేనే కొట్టివేసి సంతకము చేసితిని. పిల్లలు మొదట నవ్విరి, తరువాత ఊరకుండిరి. బాలుడు తలవంచుకొని, “పర్వాలేదండీ” అనెను.

బాలికయు నేనును ప్రోగ్రామును దిద్దితిమి. సమాసములను గుర్తించుట మా శక్తికి మించినది కావున, అట్టి చోట అది తీర్పు చెప్పక ‘చదివి చూడుము’ అని మాత్రము తెలుపును. ప్రశ్న మరల వ్యాఖ్యలోనికి వచ్చినది. ప్రశ్నార్థకమును ఒప్పుకొను నియమమునే ఎంచుకొంటిమి. ఇప్పుడు జవాబు తెలిసినది గదా, ప్రశ్నను తీసివేయనా యని ఆమె అడిగెను. ఉంచి, దాని క్రింద జవాబు వ్రాయుమంటిని. పంక్తి పొడుగును గుఱించిన నియమమును తీసివేసితిమి. భగణము మాత్రము మిగిలెను. గుర్తుమాట పెట్టి నోరు మూయింపవచ్చునని పూర్వశిష్యుడు చెప్పెను. బాలిక సమానచిహ్నమును తీసి ‘భగణమనగా గురువు, లఘువు, లఘువు’ అని వ్రాసినది. అది పైథాను వాక్యము కాదు, లింటరు పలుకలేదు. చదువుటకు కూడ ఇదియే బాగున్నదని నాకు తోచినది. ఆ మాట లింటరు కీర్తికి పోవునేమో యని పైకి అనలేదు.

భాషాదినోత్సవము జరిగినది. బాలుని మొదటి పద్యమును సభలో చదివించితిమి. తక్కిన నాలుగింటిని వాడు ఇంకను తేలేదు. అడిగినప్పుడెల్ల “వ్రాస్తున్నానండీ” అనుచున్నాడు.